ఏ పాపం?

మళ్ళీ మొదలుపెట్టినట్టున్నారు. కూర్చున్న చెక్కపెట్టెలోంచి వణుకు లేచి తొడల్లోకి పాకుతోంది కాబట్టి మొదలుపెట్టారనే అనుకోవాలి, నా చెవులు చేతులెత్తేసి చాలా ఏళ్ళయింది. డ్రమ్ముల వెనక మా అక్క కొడుకు, మోచేతులు తప్ప వాడిలో ఇంకేమీ కనపడటం లేదు, ఆ మోచేతులు మాత్రం చిన్నప్పుడు వంటింట్లో గిన్నెలన్నీ నేల మీద బోర్లించుకుని గరిటెతో వాయించిన మోచేతులే, అందుకే వాడిని ఇప్పటికీ గిన్నెలవాడనే పిలుస్తాను, ఫ్రెండ్స్ ముందు అలా పిలవొద్దు పిన్నీ అని దారంతా బతిమాలాడు. నా ఒళ్ళో బొమ్మ ఉంది, ఖాకీ కాగితంలో చుట్టి దారం కట్టాను. వీళ్ళ మొదటి రికార్డుకి అట్ట మీద వేసే బొమ్మ. ఈ పాట అవగానే విప్పి చూపించాలి, వాళ్ళు బాగుందనాలి, బాగుందనేముందు ఒక్క క్షణం వాళ్ళ మొహాల్లో ఏం కదులుతుందో నేను చూడాలి, ఇంత దూరం వచ్చింది ఆ క్షణం కోసమే. ఈ పని నా చేతిని చూసి ఇచ్చారా, నా చెవిని చూసి ఇచ్చారా? తాడోపేడో తేల్చుకోకుండా ఈ మెట్లెక్కేది లేదు. చెవిని చూసే ఇచ్చారని తేలితే బొమ్మ చంకన పెట్టుకుని వెళ్ళిపోతాను, రంగులు నావి, అట్ట నాది, నాకు పోయేదేముంది అని బస్సులో అనుకున్నంత తేలిగ్గా ఇక్కడ అనుకోలేకపోతున్నాను.

పైన కుర్చీలూ మంచాలూ అమ్మే కొట్టు, కింద ఈ గది. గోడలకి చెవులుంటాయంటారు, ఈ గోడల చెవుల్లో మాత్రం దూది కుక్కారు, ముందు పాత పరుపులు, వాటి మీద కోడిగుడ్ల అట్టలు, వరసకి వరస, పైకప్పు దాకా. దీపం ఒక పక్కనుంచే పడుతోంది కాబట్టి ప్రతి గుంటలోనూ ఒక చిన్న నీడ కూర్చుని ఉంది, ఆ అట్టల రంగు బూడిదా కాదు, గోధుమా కాదు, అది కలపాలంటే తెలుపులో నలుపు కాస్త, పసుపు కాస్త, ఎరుపు ఉందా? ఉంది, గోరంత ఉంది, లేకపోతే ఇంత వెచ్చగా కనపడదు. ఒక అట్ట మూల ఊడింది. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా ఆ మూల అదురుతోంది, దాన్ని చూస్తే తాళం తెలిసిపోతోంది, రెండు అదురులు దగ్గరగా, ఒకటి ఎడంగా, మళ్ళీ రెండు దగ్గరగా. పైన కొట్టాయన రోజూ దిగొచ్చి ఏంట్రా ఈ గోల అని అరిచేవాడట, అరవగా అరవగా వీళ్ళు బృందానికి గోల అనే పేరు పెట్టేసుకున్నారట. ఇప్పుడాయన అరవడం మానేశాడని గిన్నెలవాడు చెప్పాడు, తన మాట పోస్టరు మీదకెక్కేసరికి కాస్త గర్వంగా కూడా ఉన్నట్టుంది.

డ్రమ్ము రొమ్ము ఎముక మీద పడుతోంది, అది నాకు ముందే తెలుసు, ఊరేగింపులు వెళ్ళేటప్పుడు కిటికీ ఊచ పట్టుకుంటే అక్కడే తగులుతుంది. మీసమాయన వాయించే గిటారు వేరు, అది పంటి చిగుళ్ళలో సన్నగా, చల్లటి నీళ్ళు తాగినప్పటిలా జిల్లుమంటోంది, ఇది కొత్త, ఇది బాగుంది. పాడే అమ్మాయి మెడలో వేలాడే లావు తీగల గిటారు కూర్చున్న చోటినుంచి పైకొస్తుంది, నడుం దాకా వచ్చి ఆగిపోతుంది. మరి ఆమె పాట ఎక్కడ? నా ఒంట్లో దానికెక్కడా చోటు దొరికినట్టు లేదు, అరచెయ్యి పెట్టె మీద ఆనించాను, లేదు, దవడ గోడకి ఆనించాను, లేదు, పాట ఆమె మెడ నరంలోనే ఉండిపోయింది, ఉబ్బుతోంది, తగ్గుతోంది. వీళ్ళంతా ఆమెని బొంగురు అంటారు. గొంతు బొంగురుగా ఉంటుందట. బొంగురు గొంతు ఎలా ఉంటుందో నాకు గుర్తుంది, మా లెక్కల మాస్టారిది బొంగురే, కానీ ఒక ఆడపిల్లలో, ఇంత బక్కపిల్లలో, తల ఒక పక్క నున్నగా గీయించుకుని ఇంకో పక్క భుజం దాకా వదిలేసిన పిల్లలో అది ఎలా ఉంటుందో ఊహకి అందటం లేదు. చాలా ఏళ్ళ కిందట నాకొక జ్వరం వచ్చి తగ్గింది, తగ్గుతూ తగ్గుతూ నా చప్పుళ్ళని కూడా పట్టుకుపోయింది, ముందు పిట్టలు పోయాయి, తరవాత కుక్కరు ఈల, తరవాత ఆడవాళ్ళ గొంతులు, చిట్టచివరిదాకా నన్ను వదలని నేస్తాలు లారీలు. లారీలు కూడా వెళ్ళిపోయిన రోజు వీధిలో నిలబడి నవ్వుకున్నాను, ఏడవాల్సింది, నవ్వొచ్చింది.

చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఎముక కొరుకుతున్నావేమిటి అని అడిగాడట. అందరూ ఆ చెవిటివాడిని చూసి నవ్వుతారు, నాకైతే ఆయన మీద గౌరవం, కనపడిందేదో అడిగాడు, తెలుసుకుందామనుకున్నాడు, ఊదినవాడు ఏం జవాబిచ్చాడో మాత్రం సామెతలో లేదు. నేనైతే ఇప్పుడు అడగాలి, అమ్మాయ్, ఆ మైకుని ఎందుకు మింగుతున్నావు? మూతి మొత్తం దాని వెనకే ఉంది. నాకు ఇద్దరు శత్రువులు, మీసాలూ మైకులూ, ఇవాళ ఇద్దరూ ఒకే గదిలో కలిశారు. మీసమాయన పలకరించినప్పుడు ఆ మీసం అంచు రెండుసార్లు లేచి పడింది, అది నమస్తేనా, కూర్చోండా, లైటు స్విచ్చి గురించి ఏదైనానా, దేవుడికి తెలియాలి, నేను తల ఊపేశాను. అక్క అయితే అందరికంటే ఘోరం, నాకు తెలియాలని నోరు బారెడు తెరిచి ఒక్కో అక్షరం సాగదీస్తుంది, అలా సాగదీస్తే మాట పాడైపోతుందే, మామూలుగా చెప్పు అంటే ఇంకా సాగదీస్తుంది. పైగా నా గొంతు పెరిగినప్పుడల్లా అరచెయ్యి కిందకి ఊపుతుంది, స్టవ్ మంట తగ్గిస్తున్నట్టు.

రికార్డు పేరు ఆ పిల్లే పంపింది, ఫోన్లో, ఒకే ఒక్క మాట. పాపం. ముందూ లేదు వెనకా లేదు. పాటలు ఎలాగూ వినను కదా, మాటలన్నా రాసి పంపరా అని గిన్నెలవాడిని అడిగితే ఇంకా రాస్తోంది పిన్నీ, రోజుకోలా మారుస్తోంది అన్నాడు. సరే, ఉన్నది ఈ ఒక్క మాటే, దీంతోనే సంసారం అనుకున్నాను. కానీ ఏ పాపం? నోటితో అంటే తెలిసిపోతుంది, పసివాడికి కూడా తెలిసిపోతుంది, గొంతు గట్టిగా పడితే చేసిన పాపం, గొంతు జారి సాగితే అయ్యో పాపం, ఇంకాస్త సాగదీసి మూతి వంకర తిప్పితే, పాపం ఆయనకేమీ తెలీదు మరి అనే వెక్కిరింత. కాగితం మీద మూడూ ఒకటే. కాగితానికి గొంతు లేదు, నాకు చెవి లేదు, ఇద్దరికి ఇద్దరం సరిపోయాం. అడగొచ్చు, వేళ్ళున్నాయి, ఫోనుంది, ఏ పాపం అమ్మా అని టైపు చేస్తే అయిపోయేది. చేయలేదు. ఎందుకు చేయలేదంటే నాకు ఆ మాటతో వేరే లెక్క ఉంది.

ఆ మాటని నేను వీధికి ఈ చివరనుంచి ఆ చివరకి గుర్తు పట్టగలను. మూతి మూసుకుంటుంది, తెరుచుకుంటుంది, మళ్ళీ మూసుకుంటుంది, కాస్త తెరుచుకుని ఈసారి గట్టిగా మూసుకుంటుంది, ఆ మూసిన మూతి అలాగే ఉంచి తల ఒక పక్కకి వాలుస్తారు, కనుబొమలు మధ్యలో పైకి లేస్తాయి. పెళ్ళిళ్ళలో, ఆస్పత్రుల్లో, పుస్తకాల కొట్టు కౌంటరు దగ్గర, ఒకసారి నేను అట్ట బొమ్మ వేసిన పుస్తకం చేతిలో పట్టుకునే ఒకావిడ పక్కావిడతో అంది, ఈ బొమ్మ వేసింది ఈవిడేనట, చెవులు వినపడవట, పాపం. బొమ్మని మళ్ళీ చూడలేదు. పుస్తకం కింద పెట్టేసి నన్ను చూసింది. ఇంత పనీ చేశాక నేను మిగిల్చుకునేది ఆ మాట ఒక్కటేనా అని ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు. కాబట్టి ఫోన్లో ఆ మాట చూడగానే నేను నిర్ణయించేసుకున్నాను, రాక్ పాటలు పాడేవాళ్ళు, జుట్టు సగం గీయించుకునేవాళ్ళు, వీళ్ళు జాలి గురించి పాడతారా, కచ్చితంగా ఇది చేసిన పాపమే. జాలికి నేను బొమ్మ వేయను. ఎవరికి కావాలంటే వాళ్ళు వేసుకోవచ్చు.

అదీ కాక చేసిన పాపానికి బొమ్మ వేయడం సరదా. నలుపూ ఎరుపూ, మంటలూ కొమ్ములూ ఎవరైనా వేస్తారు, నేను తెల్లగా వేశాను. తెల్లటి సింకు, అరిగిపోయిన కుళాయి, దాని కింద రెండు చేతులు కడుక్కుంటున్నాయి, చేతులు శుభ్రంగానే ఉన్నాయి, నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, కిందకి జారి జాలీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నీళ్ళు సిరా నలుపు. ఎడమ చెయ్యి నాదే, అద్దంలో దాన్నే చూసి వేసిన కుడిది కూడా నాదే. పుస్తకం అట్ట నిలబడి ఉంటుంది, దానికి తలా కాళ్ళూ ఉంటాయి, ఇన్నేళ్ళూ నేను వేసినవన్నీ నిలబడ్డ బొమ్మలే, ఈ రికార్డు అట్ట నాలుగు పక్కలా ఒకటే, ఎటు తిప్పినా అలాగే ఉంటుంది, దీనికి తల ఎక్కడో తెలియక నాలుగు అట్టలు పాడుచేశాను. రోజూ పొద్దున్నే లేచి మొహం కడక్కముందే వెళ్ళి చూసేదాన్ని, రాత్రి వేసింది తెల్లారేసరికి ఏమైందోనని, ఎన్నో ఏళ్ళుగా ఏ పనికీ అలా లేవలేదు. చివరికి కుళాయిని సరిగ్గా మధ్యలో పెట్టకుండా ఒక వేలు ఎడమకి జరిపితే కుదిరింది. చేసిన పాపం చెబితే పోతుందంటారు, కడిగితే పోదని ఎవరూ అనలేదు, ఆ అనని మాటే నేను వేశాను. బాగా వేశాను. నాకు తెలుసు.

మరి ఎందుకీ గుబులు? పెట్టె వణుకు ఆగింది, ఎందుకాగింది? పాట అయిపోయిందా? లేదు, గిన్నెలవాడి మోచేతులు గాల్లో ఆగి ఉన్నాయి, మీసమాయన అరచేత్తో తీగలు మూశాడు, ఊడిన అట్ట మూల కదలటం లేదు. బొంగురు మైకు వదిలేసి ఒక అడుగు పక్కకి వేసింది, మొహం మొత్తం దీపంలోకి వచ్చింది, మొట్టమొదటిసారి ఆ మూతి చూశాను, కింది పెదవి పగిలి ఉంది. మైకు లేకుండా, గిటారు లేకుండా, ఒట్టి నోటితో ఏదో అంటోంది. ముందు ఒక గుండ్రం, దాని వెనక ఇంకో చిన్న గుండ్రం, అవి ఏ అక్షరాలో తెలియదు, గొంతులోనూ నాలిక మీదా పుట్టే అక్షరాలు పెదాల దాకా రావు, ఆ వెంటనే మూత, తెరపు, మూత, తెరపు, మూత. పాపం. అది మాత్రం నేను తప్పు చదవను. మళ్ళీ అంది, గుండ్రం, గుండ్రం, పాపం. కానీ తల పక్కకి వాలలేదు. కనుబొమలు లేవలేదు. చేసిన పాపం చెప్పుకునేవాళ్ళ కళ్ళు కిందకి ఉంటాయి, ఈమె కళ్ళు ఎదుటివాడి కళ్ళలో ఉన్నాయి, ఎదుట ఎవరూ లేరు. ఆమె కుడిచెయ్యి గాల్లో దేన్నో పట్టుకుంది, ఒకరి మణికట్టుని పట్టుకున్నట్టు. ఈ మొహం నేనెక్కడో చూశాను, ఎక్కడ?

బల్లి. పెరటి గోడ మీద బల్లి, చీపురు తిరగేసి పట్టుకుని నేను, నా వెనక అక్క, కొట్టవే కొట్టవే అని ఎగదోస్తోంది. అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కొట్టకు, పాపం. గుండ్రం, గుండ్రం, పాపం. అప్పుడు నాకు చెవులున్నాయి, అమ్మ గొంతు నిక్షేపంగా విన్నాను, గట్టిగానూ లేదు, జాలిగానూ లేదు, గబుక్కున ఉంది. అడిగేదాన్ని కదా ప్రతిదీ, అప్పుడూ అడిగాను, పాపం నాకా అమ్మా, దానికా? కొడితే నాకు పాపం వస్తుందనా, దాన్ని చూస్తే పాపం అనిపిస్తోందనా? ఎవరికైతే ఏంటే, ముందు చీపురు దించు అంది అమ్మ. అంతే. బల్లి ఎప్పుడో వెళ్ళిపోయింది. రెండు పాపాలు కలిసి ఒకే మాటగా ఉన్న చోటు అది, అందులో ఎవరూ ఎవరినీ కింద నుంచోబెట్టి చూడరు, ఒకరు ఒకరి చెయ్యి పట్టుకుంటారు. ఇన్నేళ్ళూ నాకు ఆ మాట తల పక్కకి వాల్చినవాళ్ళ నోటినుంచే వస్తుంటే, అమ్మ నోట్లో అది ఇంకోలా ఉండేదని పూర్తిగా మర్చిపోయాను. గొంతు మర్చిపోతానని భయపడి గొంతు దాచుకున్నాను, మూతి దాచుకోవాలని తోచలేదు. ఇప్పుడు ఒళ్ళో ఉన్న బొమ్మ మీద చెయ్యి వేసి చూసుకుంటే, తెల్లటి సింకు, నల్లటి నీళ్ళు, అన్నీ సరిగ్గా ఉన్నాయి, పాట మాత్రం ఇది కాదు.

పెట్టె మళ్ళీ వణికింది, ఈసారి అందరూ ఒకేసారి, చిగుళ్ళూ రొమ్మూ నడుమూ కలిసిపోయాయి, ఆపైన ఒక్కసారిగా ఏమీ లేదు. అయిపోయినట్టుంది, గిన్నెలవాడు తుండుతో మెడ తుడుచుకుంటూ వస్తున్నాడు, విప్పు పిన్నీ అంటున్నాడు. పారిపోదామా? మెట్లు అటున్నాయి. విప్పాను. ముగ్గురూ వంగారు. నేను బొమ్మని చూడలేదు, మొహాలు చూశాను. గిన్నెలవాడి మొహంలో నేననుకున్నదే ముందు వచ్చింది, హమ్మయ్య, బాగానే ఉంది అన్న ఊపిరి, పిన్ని పరువు దక్కిందన్న ఊపిరి. సూపర్ అన్నాడు. మీసమాయన మీసం లేచి పడింది, బొటనవేలు కూడా పైకెత్తాడు. బొంగురు చాలాసేపు చూసింది, ఆ నల్లనీళ్ళ దగ్గర వేలు పెట్టబోయి ఆగింది, తరవాత బాగుంది అంది. పెదాలతో అంది, కళ్ళతో అనలేదు. నాకు కావలసిన క్షణం దొరికింది, దొరికాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు, అందుకే కుండ బద్దలు కొట్టేశాను.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. నన్నెందుకు పిలిచారు? పాపం అనేనా?"

గట్టిగానే వచ్చి ఉంటుంది, మీసమాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. మంట తగ్గించడానికి అక్క లేదు. గిన్నెలవాడు తుండు భుజం మీద వేసుకుని, దించి, మళ్ళీ వేసుకుని, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, అబద్ధం చెప్పేటప్పుడు వాడు పక్కకి తిరుగుతాడు, తిరగలేదు.

"నేను మాత్రం పాపం అనే అడిగాను పిన్నీ. ఇంట్లో ఒక్కదానివే కూర్చుంటున్నావని. తిడతావా?"

తిట్టలేదు. ఉన్నమాట ఉన్నట్టు చెప్పినందుకు వాడి మీద ప్రేమ కూడా పొంగింది, అయినా బొమ్మకి కాగితం చుట్టడం మొదలుపెట్టాను. అప్పుడు బొంగురు మెడలోంచి గిటారు తీసి గోడకి ఆనించి, నా ముందు కింద కూర్చుంది, మొహం దీపం వైపు తిప్పుకుంది, అది ఎవరు చెప్పారో ఆమెకి. సాగదీయలేదు, మామూలుగా మాట్లాడింది.

"వాడు అడిగినప్పుడు నేను వద్దన్నాను. తరవాత అనిపించింది, విన్నవాళ్ళంతా మమ్మల్ని గోల అంటారు కదా, అస్సలు విననివాళ్ళు ఏమంటారో చూద్దామని. అదే పిన్నిగారూ, ఇంకేం లేదు." ఆగి, పగిలిన పెదవి పంటితో లాక్కుని, "బొమ్మ బాగుంది. కానీ ఇది విన్నవాళ్ళు కూడా వేస్తారు" అంది.

చెంప మీద కొట్టినట్టు ఉంది, ఆ దెబ్బ ఎంత హాయిగా ఉందో ఎవరికి చెప్పను. నా పని బాగాలేదని ఎవరైనా నా మొహం మీద చెప్పి ఎన్నాళ్ళయింది? చెవులు పోయినప్పటినుంచీ నేను ఏది వేసినా అద్భుతమే, వంకర గీసినా అద్భుతమే, తప్పు పట్టాలంటే మనిషిని సమానంగా చూడాలి కదా, ఈ పిల్ల చూసింది. నన్ను చూసి ఈమెకి జాలి కలగలేదు, ఏముందో చూద్దామనిపించింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి, దాచుకోలేదు, అడిగాను, ఇందాక మైకు వదిలేసి అన్నది కొట్టకు పాపం అనేనా అని. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి, ఎలా తెలిసింది అంది. సగం నీ పెదాల మీద కనపడింది, మిగతా సగం మా అమ్మ చెప్పింది అన్నాను. మరి ఆ పాపం ఎవరికి, కొట్టేవాళ్ళకా, దెబ్బ తినేవాళ్ళకా అంటే భుజాలెగరేసి, నాకూ తెలీదు, అందుకే రోజూ మారుస్తున్నాను అంది. ఇంకోసారి అను, పాట వద్దు, మాట చాలు, తొందర లేకుండా అను అని బొమ్మకి చుట్టిన ఖాకీ కాగితాన్నే నేల మీద పరిచి, సంచిలోంచి బొగ్గుముక్క తీశాను. ఆమె అంది. మూసిన మూతి ఒకటి గీశాను. దాని పక్కన తెరిచింది. మళ్ళీ మూసింది. నాలుగోది కాస్త తెరిచింది, ఇందులో పెదవి పగులు బాగా తెలిసింది. మీసమాయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు, గిన్నెలవాడు దీపం స్టాండు దగ్గరికి జరిపాడు, ఎవరూ చెప్పకుండానే.

ఐదోది దగ్గర బొగ్గు ఆగింది. చివర మూతి పూర్తిగా మూస్తే ఇది పాపం. తెరిచి ఉంచితే పాపా, లేదా బాబా, లేదా మామా, పెదాల మీద ఆ మూడింటికీ తేడా లేదు, ప, బ, మ మూడూ ఒకే ఇంట్లో పుట్టిన పిల్లలు. ఒకసారి బస్సులో ఒకావిడ నా వంక చూసి పాపం అందని నిలదీశాను, నా గురించి నీకేం తెలుసమ్మా అని అందరి ముందూ దులిపేశాను, తీరా చూస్తే ఆవిడ నా వెనక నిలబడ్డ వాళ్ళ మామయ్యని పిలిచింది. దిగేదాకా కిటికీలోంచి బయటికే చూశాను. ఇప్పుడా చివరి మూతి ఏం చేయాలి? ఆమె అలా అంటూనే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను, మూసుకోబోయి ఇంకా మూసుకోని చోట ఒక వెంట్రుకవాసి ఉంటుంది, అక్కడ పట్టుకున్నాను. గీసేసి చేతులు దులుపుకున్నాను, అక్షరాలేమీ ఉండవు, ఈ ఐదు మూతులే మీ అట్ట, సింకుని నేను ఇంటికి తీసుకుపోతాను అన్నాను.

వాళ్ళు కాగితాన్ని తమవైపు తిప్పుకున్నారు. ముందు గిన్నెలవాడు ఒక్కో మూతినీ చూసుకుంటూ తన మూతి కూడా అలాగే పెట్టాడు, మామా అన్నట్టున్నాడు. బొంగురు అడ్డంగా తల ఊపి తన మూతితో ఇంకోలా చేసి చూపించింది, పాపా కావచ్చు. మీసమాయన చూపుడువేలితో మీసం పైకెత్తి పట్టుకుని, మొట్టమొదటిసారి నాకు పై పెదవి కనపడేలా, చాలా శ్రద్ధగా మూసి, తెరిచి, మూశాడు, చివర ఏం చేయాలో తెలియక అలాగే ఆగిపోయాడు. ఒకరి నోటి వంక ఒకరు చూసుకుంటున్నారు, కాదంటే కాదనుకుంటున్నారు, మళ్ళీ మొదటినుంచీ చదువుకుంటున్నారు. ఆఖరికి ముగ్గురూ నా వైపు తిరిగారు. ఇది ఏది పిన్నీ అని అడుగుతున్నారు, ముగ్గురూ ఒకేసారి. ఆరు చెవులున్నాయి, ఒక్కటీ అక్కరకి రాలేదు. వాళ్ళని చూస్తే నాకు పాపం అనిపించింది, అయినా చెప్పలేదు.